కంతుల మంచము

ఒక వస్తువు మన యింటిలో నుండుట వేఱు, అది మనదగుట వేఱు. ఈ భేదము పసిబిడ్డకు సయితము తెలియును. పొరుగింటి బొమ్మతో ఆడుకొను బిడ్డ మాటిమాటికి తల్లివంక చూచును; తన బొమ్మతో ఆడునపుడు ఆ చూపు ఉండదు. పెద్దవారమైన పిమ్మట మనము దీనిని మఱచుచున్నాము. మఱపించుటకై ఒక వర్తకమే వెలసియున్నది. వస్తువును నేడే యింటికి తెచ్చి దింపుదురు. వెల నెలనెల చెల్లింపవచ్చునందురు. కడపటి కంతు ముట్టువఱకు అది అద్దె వస్తువనియు, ముట్టిన దినమున సొంత వస్తువనియు కాగితముపై వ్రాయింతురు. ఈ యేర్పాటులో తప్పేమని అడుగువారు చదువుకొన్నవారిలోను కలరు. ఆ ప్రశ్నకు నేను విన్న యొక యింటి కథతో జవాబు వెదకెదను.

ఆ యిల్లు ఉదయగిరిలో, దుర్గపు కొండకు దిగువనున్నది. ఆ యూరి చెక్క గరిటెలు, చెంచాలు పేరుపడినవి. 2015లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ యింటి యిల్లాలు పగలెల్ల కూర్చుండి ఉలితో, ఆకురాయితో కఱ్ఱను మలచి చెంచాలు చేయును. కఱ్ఱను తాకి దాని గుణము చెప్పగల చేతులవి. నేను మొదట పోయిననాడు ఆమె యింటిలో కొత్త మంచమొకటి కనబడినది. రంపపుపొట్టును జిగురుతో కలిపి యొత్తిన పలకలు, పైన నిగనిగలాడు కాగితపు పూత. దానిమీద పరుపు. వెల రొక్కమునకైనచో రూ. 12,000 అట. రొక్కము లేదు గనుక నెలకు రూ. 1,000 చొప్పున 18 నెలలకు ఒప్పుకొనిరి.

నేను రెండవమారు పోవునప్పటికి మంచము లేదు. 13 కంతులు చెల్లించిన పిమ్మట పెనిమిటికి జబ్బుచేసెను. రెండు నెలలు తప్పినవి. మూడవ నెలలో బండి వచ్చినది. ఆమె యిచ్చినది రూ. 13,000, అనగా రొక్కపు వెలకంటె వేయి యెక్కువ. అయినను మంచము ఆమెది కాదు. ఇచ్చినదెల్ల అద్దె క్రింద చెల్లిపోయినదని చెప్పిరట.

"మంచం పోయినందుకు కాదయ్యా నా బాధ. వీధివీధంతా చూస్తుండగా మోసుకుపోయారు. మేము అప్పు కూడా చేయలేదే!" అనెను.

ఆ కడపటి మాట నన్ను చాలదినములు వెంబడించినది. ఆమె నిజముగానే తాను అప్పు చేయలేదని నమ్మియుండెను. మన పల్లెలలో అప్పనిన భయము కలదు. షావుకారు గడప త్రొక్కుటకు వెనుదీయువారు, నోటు వ్రాయుటకు చేయి వణకువారు, ఈ కార్డుపై సంతకము చేయుటకు మాత్రము జంకరు. ఏలయనగా దీని పేరు అప్పు కాదు. పేరు మార్చినంతమాత్రమున భయము పోవుచున్నది; భయము పోయినచోట లెక్క కూడ పోవుచున్నది.

లెక్క చూతము. 12,000కు 6,000 అధికము. ఏడాదిన్నరకు నూటికి ఏబది గనుక ఏడాదికి ముప్పదిమూడే గదా యని వర్తకుడు చెప్పును. ఆ మాటలో మోసమున్నది. కంతు చెల్లినకొలది బాకీ తగ్గుచున్నది. వడ్డీ మాత్రము మొదటి 12,000కే, తుదివఱకు, వేయబడినది. తగ్గుచున్న బాకీపై సరిగా గుణించినచో నూటికి నెలకు నాలుగు రూపాయల అఱువదియైదు పైసలు దాటుచున్నది. ఏడాదికి సుమారు రూ. 56. నూటికి రెండు రూపాయల వడ్డీ యనిన ముఖము చిట్లించు గృహస్థుడు, మూడనిన షావుకారును తిట్టు గృహస్థుడు, దీనిని నవ్వుచు చెల్లించుచున్నాడు. అదే వేయి రూపాయలు నెలనెల దాచినచో పండ్రెండవ నెలలో మంచము రొక్కమునకు వచ్చును; మిగిలిన ఆఱు నెలల ఆఱు వేలును ఇంటిలోనే యుండును. ఆ ఆఱువేలే, పెనిమిటికి జబ్బు చేసినపుడు ఆమెకు కావలసిన సొమ్ము.

ఈ అద్దె కొనుగోలు మన దేశమున పుట్టినది కాదు. అమెరికాలో సింగరు కంపెనీవారు 1850ల దశకములోనే కుట్టుయంత్రములను వాయిదాలపై ఇచ్చిరి. ఇంగ్లండులో 1895లో ప్రభువుల సభ తీర్చిన వ్యాజ్యమొకటి ఈ వర్తకమునకు పునాదియైనది. హెల్బీ యను నతడు ఒక పియానోను 36 నెలల కంతులపై ఒకరికిచ్చెను. పుచ్చుకొన్నవాడు కంతులు తీరకముందే దానిని మాథ్యూస్ అను తాకట్టు వర్తకుని యొద్ద కుదువబెట్టెను. పుచ్చుకొన్నవాడు ఎప్పుడైనను పియానోను తిరిగి యిచ్చివేయవచ్చును గనుక అతడు కొనుటకు కట్టుబడినవాడు కాడనియు, కావున సొత్తు హెల్బీదే యనియు తీర్పయ్యెను. న్యాయము మాట యట్లుండగా, ఇల్లాండ్రు గ్రహింపవలసినది ఒకటి కలదు: కంతులు తీరువఱకు ఇంటనున్నది పరుల సొత్తు. మన దేశములో 1972లో అద్దె కొనుగోలు శాసనము చేసిరి. వెలలో ఇంతభాగము చెల్లిన పిమ్మట న్యాయస్థానపు ఉత్తరువు లేక వస్తువును లాగుకొనిపోరాదని అందులో నొక నిబంధన యుండెను. ఆ శాసనము అమలునకు రాకయే 2005లో రద్దయినది. 2013లో రిజర్వు బ్యాంకువారు, సున్న వడ్డీ యనునదే లేదని బ్యాంకులకు గట్టిగా చెప్పిరి. 2024 అక్టోబరు 1 నుండి చిన్న ఋణములకు సయితము మొత్తపు ఖర్చును ఏడాది వడ్డీ రూపమున ఒక్క కాగితముపై చూపవలెనని బ్యాంకులను, ఋణసంస్థలను నిర్బంధించిరి. బండిమీద మంచము తెచ్చువానికి ఆ కాగితముతో పనిలేదు. అతడిచ్చునది ఋణము కాదు గదా, అద్దె!

ఇంతవఱకు చెప్పినది సులభము. నేను ఆ యిల్లాలికి ఈ లెక్కయంతయు చెప్పి, దాచుకొని కొనియుండవలసినదని హితవు పలికితిని. ఆమె చేతిలోని చెంచాను ప్రక్కనబెట్టి, "చేతిలో వెయ్యి రూపాయలుంటే నిలుస్తాయా అయ్యా? బిడ్డకు జ్వరమొస్తుంది, చుట్టమొస్తాడు, మా ఆయన అడుగుతాడు. వాడొచ్చి వాకిట్లో నిలబడ్డాడు గనకనే పదమూడు నెలలు కట్టాము" అనెను. నాకు ఆనాడు మాట తోచలేదు. జీతము నెల మొదటనే బ్యాంకులో పడు మనబోటివారు పొదుపును గుఱించి చెప్పు నీతులు ఎంత తేలికయైనవో అప్పుడు తెలిసినది. పేదవాని చేతి రొక్కమునకు పదిమంది హక్కుదారులు కలరు, వస్తువునకు తక్కువ. కంతులవాడు చేయునది నిర్బంధపు పొదుపు. ఆ నిర్బంధమునకు ఆమె ఆఱు వేలు కూలి యిచ్చుచున్నది. ప్రశ్న అందుచేత ఇట్లు మారుచున్నది: ఆ కూలి లేకుండ ఆ నిర్బంధము దొరకునా?

జవాబునకై దూరము పోనక్కఱలేదు. ఆ మెట్టసీమలోనే కలిగిరి మండలమున దూబగుంట యను పల్లె కలదు. 1992లో రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొన్న అచ్చటి స్త్రీలు సారా దుకాణము నెదిరించిరి. వారిలో దూబగుంట రోశమ్మ పేరు అందఱెఱిగినదే. నిప్పు జిల్లా యంతయు, పిదప రాష్ట్రమంతయు అంటుకొనెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమయ్యెను. సారా దుకాణమునకు పోవు రూపాయి ఇంట నిలిచినది గనుక దానిని ఏమి చేయుటయను ప్రశ్న అటుపిమ్మట వచ్చినది. అందుండి పుట్టినదే పొదుపులక్ష్మి. దినమునకొక రూపాయి, పదిమంది కూడిన గుంపు, ఒకరి రూపాయికి ఒకరు సాక్షి. వేయి రూపాయలు ఒంటరిగా నిలువవన్న ఆ యిల్లాలి మాట ఆ స్త్రీలు ఎఱుగనిది కాదు. ఎఱిగియే గుంపు కట్టిరి. వాకిట నిలుచువాడొకడు కావలెనన్నచో ఆ నిలుచునది పొరుగింటి అక్కయే కావచ్చునని వారు కనుగొనిరి. వడ్డీ కట్టినను అది తిరిగి గుంపునకే చేరును. జబ్బుచేసిన నెలలో ఆ అక్క బండి తీసికొని రాదు.

ఇచ్చట నొకమాట చెప్పక విడువరాదు. గుంపు పేరు పెట్టుకొన్నదెల్ల మంచిది కాదు. సూక్ష్మ ఋణసంస్థలు స్త్రీల గుంపులనే చూపి అప్పులు గుప్పించి, వసూళ్లకు ఇండ్లపై బడగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అత్యవసర శాసనము తేవలసివచ్చెను. తాము దాచినదానిని తాము పంచుకొను గుంపు వేఱు. పరుల సొమ్ము వసూలు చేసి పెట్టు గుంపు వేఱు. చేరబోవు ముందు, ఈ సొమ్మెవరిదని అడిగి తెలిసికొనుట ఇల్లాండ్ర పని.

ఇక మంచమే యేల, బీరువాయే యేల యనుదానికి వత్తును. కంతుల సామానులు మన యిండ్లకు వచ్చుటకు పెండ్లిండ్లే పెద్దదారి. వరకట్నమును 1961లోనే శాసనము నిషేధించినది. సారె యను పేరిట బీరువా, మంచము, పరుపు, సోఫా నడచుచునే యున్నవి. రొక్కము లేని తండ్రి వానిని వాయిదాలపై తెచ్చి అల్లునింట దింపించును. ఆ వాయిదా తప్పిననాడు అడుగవచ్చువాడు ఎవరి వాకిట నిలుచును? బిడ్డ వాకిట, ఆమె యత్తమామల యెదుట. తనది కాని దానిని తండ్రి బిడ్డకు కానుకగా ఇచ్చినాడు; అల్లునివారు గౌరవముగా పుచ్చుకొన్నారు; ఈ గౌరవమంతయు పరుల సొత్తుపై కట్టబడియున్నది. నాకు తోచినంతలో ఈ వర్తకములోని పాపము వడ్డీకంటె ఇందే యెక్కువ. వడ్డీ సంచిని తినును. ఇది ఇంటివారిని ఒకరియెదుట నొకరిని నటింపజేయుచున్నది.

అద్దెను నేను నిందించుట లేదు. పెండ్లికి షామియానాయు కుర్చీలును అద్దెకు తెత్తుము; మఱునాడు పంపివేయుదుము; అవి మనవని ఎవరును అనుకొనరు. రోగి కొఱకు నాలుగు నెలలు ఆసుపత్రి మంచము అద్దెకు తెచ్చుట వివేకమే. అట్లే కుట్టుయంత్రమును అప్పుపై కొన్న స్త్రీని తప్పుపట్టలేను. అది తన కంతు తానే సంపాదించుకొనగలదు. సోఫా యేమి సంపాదించును? దుమ్ము తప్ప.

చవుకదారులు లేకపోలేదు. అవి కొంచెము ఓర్పును, కొంచెము సిగ్గువిడుపును కోరును. ఒకరు వాడిన టేకు బల్లను కొనుట చిన్నతనమని మనవారి భావము. పొట్టుపలక నీరు తగిలిన ఉబ్బి విడిపోవుననియు, ఆ పాత బల్ల మనుమల కాలమునకును నిలుచుననియు చూడరు. మెట్టలో వేపచెట్టు లేని పల్లె యరుదు. వేపకఱ్ఱకు పురుగుభయము తక్కువ. కోసి నీడలో బాగుగా ఆరనిచ్చినచో మంచపు కోళ్లకు, పట్టెలకు చక్కగా పనికివచ్చును. ఊరి వడ్రంగికి కూలి యిచ్చినచో అతని కూలియు ఊరిలోనే యుండును, మంచమునకు జబ్బుచేసిన వైద్యుడును ఊరిలోనే యుండును. నులక మంచములో నల్లులు చేరునని నాతో వాదించిన మిత్రుడొకడు కలడు. నిజమే, ఎండలో వేసి వేడినీళ్లు పోయవలెను. ఆయన యింటి పరుపులోను నల్లులున్నవని నేనెఱుగుదును గాని, పరుపును ఎండలో వేయుట ఆయనకు కష్టము. సామానులన్నియు ఒక్కమారు రావలెననుకొనుటయు అక్కఱలేనిదే. ఈ యేడు మంచము, వచ్చు నేడు పెట్టె, ఆ పిమ్మట బీరువా యని మన పెద్దల యిండ్లు నిండినవి.

మొన్న మూడవమారు ఉదయగిరికి పోయితిని. ఆ యిల్లాలు ఇప్పుడు గుంపులో చేరియున్నది. గాలివానకు పడిన వేపను ఆర్చి కోయించి, కోళ్లు చెక్కుటకు వడ్రంగికిచ్చి, పట్టెలకు మాత్రము గుంపునుండి కొంత తీసికొన్నారట. కోళ్లపై పువ్వులు ఆమెయే చెక్కినది. చెంచా పిడులపై చెక్కు పువ్వులే. నేను పోవునప్పటికి నులక సడలినదని పెద్దకొడుకు మంచముపై కాలుమోపి బిగించుచుండెను. పెనిమిటి అరుగుపై కూర్చుండి, అటు లాగు ఇటు లాగు అని చెప్పుచుండెను. పరుపు ఇంకను కొనలేదు. ఎప్పుడని యడిగితిని. సంక్రాంతికి చూతమని చెప్పి, ఆమె మఱల ఆకురాయి చేతికి తీసికొనెను.