తుదిపోటీ యెవరి వాకిట?

ఒక క్రీడలో విజేతను నిర్ణయించు తుదిపోటీ ఏటేట ఒక్కచోటనే జరుగవలెనా, ఊరూర తిరుగవలెనా అను ప్రశ్న పైకి నిర్వాహకుల సౌకర్యమునకు చెందినదిగా తోచును. విచారించినచో ధర్మమునకు చెందినదని తేలును.

ఆస్ట్రేలియా దేశపు ఫుట్‌బాల్‌ను ఉదాహరణముగా గైకొందము. ఆ పోటీ మొదట విక్టోరియా రాష్ట్రమునకే పరిమితము. జట్లలో అధికభాగము మెల్‌బోర్న్ నగరములోనివే. కావున తుదిపోటీ ఆ నగరపు క్రికెట్ మైదానమున జరుగుట యెవరికిని పెద్ద కష్టము కాలేదు. 1982లో ఒక జట్టు సిడ్నీకి తరలినది. 1987లో పెర్త్ నుండి ఒకటి, క్వీన్స్‌లాండ్ నుండి ఒకటి చేరినవి. 1990లో పోటీ పేరు సైతము దేశమంతటికి చెందునట్లు మారినది. పేరు మారినను వేదిక మారలేదు. 2059 వరకు అక్కడనే జరుగునట్లు ఒప్పందము గలదు. కరోనా కారణమున 2020లో బ్రిస్బేన్‌కు, 2021లో పెర్త్‌కు తరలినది గాని, అది ఆపద్ధర్మమే. 2016లో పట్టికలో ప్రథమస్థానము నందిన సిడ్నీ జట్టు మెల్‌బోర్న్‌కు పోయి, ఏడవస్థానపు ఆ నగర జట్టు చేతిలో ఓడినది.

స్థిరవేదికను సమర్థించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. లక్షమంది కూర్చుండి చూడగల మైదానమది. తాతతండ్రుల జ్ఞాపకములతో నిండినది. యోగ్యుడు ఎక్కడనైనను గెలుచునని వారందురు. నిజమే, 2018లో పెర్త్ జట్టు, ఆ మైదానమునే తన యిల్లుగా గల కాలింగ్‌వుడ్‌ను 5 పాయింట్ల తేడాతో జయించినది. కాని బలవంతుడు అన్యాయమును దాటగలుగుట, అన్యాయము లేదనుటకు సాక్ష్యము కానేరదు.

మన పెద్దలు ఈ చిక్కును ఎరుగనివారు కారు. మూలవిరాట్టు కదలదు, ఉత్సవమూర్తి వీధివీధికి వచ్చును. గోదావరికి వచ్చిన పుష్కరము కృష్ణకును, కావేరికిని, తుంగభద్రకును వచ్చును. అందువలన గోదావరి మహిమ తగ్గినదని ఎవరనిరి? క్రికెట్ ప్రపంచకప్ తుదిపోటీ 1975, 1979, 1983లలో లండన్‌లోని లార్డ్స్ మైదానముననే జరిగి, 1987లో కలకత్తాకు వచ్చినది. లార్డ్స్ గౌరవమునకు లోపము కలుగలేదు. 1999, 2019లలో మరల దాని వంతు వచ్చినది.

అయితే తిరుగుట వేలముపాట కారాదు. అధికధన మిచ్చిన ఊరికే వంతు దక్కినచో అది మార్పేగాని సమత్వము కాదు. తగిన కనీస వసతులను నిర్ణయించి, క్రమమును ముందే ప్రకటించి, వంతు తప్పక నడపవలెను. ఒకయేడు ఆతిథేయ జట్టే తుదిపోటీకి చేరవచ్చును. ఆ లాభము నేడొకరిది, రేపు మరియొకరిది. శాశ్వతముగ నొకరిదే యగుట కంటె నది మేలు.

కుటుంబము పెరిగినప్పుడు పెద్దింటి ఆచారమును మరల తూచుకొనవలెను. మూలస్థానమునకు దూరముగ తరతరములు కాపురమున్న మనకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. పండుగకు ఎల్లప్పుడును తానే ప్రయాణమై పోవువాడు బంధువు మాత్రమే. ఒక్కసారియైన తన వాకిట ముగ్గు వేసి పదిమందిని పిలుచు భాగ్యము కలిగిననాడే అతడు ఇంటివాడగును.