అరువు గుడారం

కువైట్ నేషనల్ అసెంబ్లీకి సముద్రం వైపున కాంక్రీటు గుడారం ఒకటుంది. వేలాడదీసిన బట్టలా వంగిన కప్పు. గీసినాయన డెన్మార్కు మనిషి యోర్న్ ఉట్జన్; సిడ్నీ ఒపెరా హౌస్ కూడా ఆయనదే. లోపలి నడవ అరబ్బుల బజారు వీధిలా సాగి ఆ నీడలోకి తెరుచుకుంటుంది.

పరాయివాడు ఇంకొకరి గుడారాన్ని అరువు తెచ్చుకోవచ్చా? రోజూ ఇతరుల కోడ్ తెచ్చుకుని బతికే నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఎవరి కోసం తెచ్చాడో చూడాలంటాను. పాలకులూ ప్రజలూ కలుసుకునే నీడగా ఉట్జన్ దాన్ని ఊహించాడు. 1991లో ఇరాక్ సైన్యం పోతూపోతూ తగలబెడితే, కువైటీలు మళ్లీ నిలబెట్టుకున్నారు. అంటే సొంతమైనట్టేగా!

2024 మేలో సభే రద్దయింది. గుడారం ఉంది. బయట ఎండలో బస్సు కోసం నిలబడే మన కడప, గోదావరి జిల్లాలవాళ్లు మాత్రం ఆ నీడ లెక్కలో ఏనాడూ లేరు.