గండిపేట నీళ్ళు తాగనివాళ్ళం

గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని ఒక పాత మాట ఉంది. నేనీ ఊరికి వచ్చి ఆరేళ్ళు. ఆ నీళ్ళు ఒక్క గ్లాసైనా తాగానో లేదో చెప్పలేను. మా ఫ్లాట్లో వాడకానికి బోరు, ఎండాకాలం ట్యాంకరు, తాగడానికి 20 లీటర్ల క్యాను. గండిపేట చూడ్డానికి మాత్రం లెక్కలేనన్నిసార్లు పోయాను. తాగితే బంధం పడుతుందని పెద్దలన్నారు, సరే. మరి చూస్తే? ఒక చోటికి పోయి, తిని, తిరిగి, ఫొటోలు దిగి వచ్చేస్తే ఆ చోటికి మనం ఏమైనా బాకీ పడతామా?

ఈ ప్రశ్న నా బుర్రలో దూరింది మా చిన్నాన్న కూతురి వల్ల. అది ఫ్రాన్స్‌లో, గ్రెనోబుల్‌లో ఎమ్మెస్ చేస్తోంది. (వెళ్ళేముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. అందరిలాగే.) ఒక శనివారం రైలెక్కి ఆన్సీ అనే ఊరికి పోయి రెండు రోజులు తీరిగ్గా తిరిగొచ్చింది. మధ్యలో నాకు వాయిస్ మెసేజీలు. కాలువ నడిమధ్యన పడవలా నిలబడ్డ రాతి కట్టడం, ఒకప్పుడు జైలట. ఆదివారం పాత వీధుల్లో సంత. ఆలుగడ్డలూ ఉల్లిపాయలూ రెబ్లోషోన్ అనే చీజుతో కలిపి ఓవెన్‌లో పెట్టే తార్తిఫ్లెట్. పంది మాంసం తీసేసి పెట్టమని బతిమాలిందట, దాని గురించే నాలుగు మెసేజీలు. చివర్లో ఒక మాట అంది: "అక్కా, ఇక్కడ చెరువులో జనం ఈత కొడుతున్నారు. కొళాయిలో వచ్చేదీ ఆ నీళ్ళేనట!"

నిజమే. ఆన్సీ తాగేది ఆ సరస్సు నీళ్ళే. 1950ల నాటికి చుట్టూ ఉన్న ఊళ్ళ మురుగంతా అందులోకే పోయేది. పోల్ సెర్వెటాజ్ అనే డాక్టరు ఇలాగైతే సరస్సు చచ్చిపోతుందని వెంటపడి చెప్పాడు. 1957లో ఆ ఊళ్ళు ఒక సంఘంగా కలిశాయి, తర్వాత సరస్సు చుట్టూ మురుగు గొట్టం వేశాయి. మురుగు అందరిదీ, ఖర్చూ అందరిదీ. అక్కడంతా స్వర్గమని కాదు, చూడ్డానికొచ్చేవాళ్ళు ఎక్కువై ఇళ్ళు దొరకడం లేదని ఊరివాళ్ళ గోల ఇప్పుడు. అయినా మా చెల్లెలు రెండు రోజులు చూసిన ఆ నీలం వెనుక ఎవరు ఎంత కట్టారన్నదానికి ఒక లెక్కంటూ ఉంది.

డిసెంబర్ సెలవులకు అది వచ్చినప్పుడు, "అక్కడ తిరిగినట్టే ఇక్కడా తిరుగుదాం, తొందర లేకుండా" అంది. శనివారం పొద్దున్నే దోసెలు తిని బయల్దేరాం. టికెట్ కొనుక్కుని చెరువు పక్కన పార్కు, తర్వాత కట్ట, తర్వాత చిలుకూరు, ఆ తర్వాత మొయినాబాద్ దాటి చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్ల నీడన నెమ్మదిగా. నాకు ఆ రోడ్డంటే ప్రాణం. చేవెళ్ళ దగ్గర ఒక బుట్టెడు టమాటాలు కూడా కొన్నాం, ఎందుకో ఇద్దరికీ తెలీదు.

కట్ట దగ్గర మక్కకంకులు కాల్చే పెద్దమ్మతో మాట కలిసింది. వాళ్ళకి ఆ దాపులోనే ఎకరంన్నర ఉందట. "గీ నీళ్ళు పట్నపోళ్ళు తాగాలె అని మా భూమికి రేటు రానియ్యకపోతిరి. ఇప్పుడు మీరు తాగుతనే లేరంట గద బిడ్డా. మరి మాకెందుకీ బాధ?"

ఆమె అంటున్నది జీవో 111 గురించి. రెండు జంట చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకూడదని 1996లో తెచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. పక్కనే గచ్చిబౌలిలో గజం ధర ఎక్కడికో పోతుంటే ఇక్కడ రైతు చూస్తూ కూర్చున్నాడు. పట్నం డబ్బున్నవాళ్ళ ఫామ్‌హౌసులు మాత్రం ఎలాగో లేస్తూనే వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది. నీటి నాణ్యత చెడకూడదని షరతు పెట్టారు. నగరం ఇప్పుడు ఈ చెరువుల మీద ఆధారపడి లేదన్నది చెప్పిన కారణం. కృష్ణ, గోదావరి, మంజీర ఉన్నాయి కదా. మేము టికెట్ కొన్న ఆ పార్కు తెరిచిందీ 2022లోనే. తాగే చెరువు చూసే చెరువుగా మారిన సంవత్సరం అదేననిపిస్తుంది నాకు.

కాంట్ 1790 నాటి తన పుస్తకంలో ఒక రాజభవనం ఉదాహరణ ఇస్తాడు. ఇది అందంగా ఉందా అని అడిగితే, జనం చెమటతో కట్టిన ఆడంబరం అని రూసోలా తిట్టొచ్చు, తిట్టడం సబబే కావచ్చు, కానీ అడిగింది అది కాదు, ఊరికే చూస్తే ఎలా ఉందన్నదే అంటాడు. భవనం విషయంలో ఈ విభజన నాకు నచ్చుతుంది. కట్టడం అయిపోయింది, చెమట ఆరిపోయింది, ఇక చూసుకోవచ్చు. చెరువు అలాంటిది కాదు. ఎగువన ఉన్నవాళ్ళు ప్రతిరోజూ ఏదో ఒకటి చెయ్యకుండా ఆగితేనే అది చెరువుగా మిగులుతుంది. లేఅవుట్ వెయ్యకుండా, వాగు పూడ్చకుండా, మురుగు వదలకుండా. మేము కట్ట మీద కూర్చుని కంకి తింటున్న ఆ పావుగంటలో కూడా ఆ ఖర్చు ఎవరి మీదో పడుతూనే ఉంది. "ఊరికే చూడటం" అక్కడ కుదరదు.

అలాగని తాగడం మానేశాం కాబట్టి వదిలేద్దాం అన్న వాదన కూడా నాకు ఎక్కదు. ఈ చెరువు కట్టింది దాహం కోసం మాత్రమే కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన నీటిని ఆపమన్నాడాయన. 1920కి ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున ఒక గదిలో బతికేవాడు వీకెండుకి ఇక్కడికి ఎప్పుడూ రాకపోవచ్చు. కానీ వానాకాలం గేట్లు ఎత్తిన రాత్రి నిద్ర లేకుండా కూర్చునేది అతనే. అవే గేట్లు చూడ్డానికి మనం కార్లేసుకుని వస్తాం. ఎగువ నేల మొత్తం సిమెంటు అయితే నీళ్ళు ఎంత వేగంగా దిగుతాయో అతని ఇంటికే ముందు తెలుస్తుంది.

కాబట్టి బాకీ ఉంది, ఎగువకూ దిగువకూ. పెద్దమ్మ ఎకరంన్నర అలాగే ఉండాలని నేను కోరుకోవచ్చు, కానీ ఉట్టినే కోరుకునే హక్కు నాకు లేదు. హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితం. మాలాంటి ఫ్లాట్ల వాళ్ళ దగ్గర ఆ డబ్బు వసూలు చేసి, భూమిని భూమిగా ఉంచిన 84 గ్రామాల రైతులకు ఎకరానికి ఇంతని ఏటా ఇవ్వాలన్నది నా లెక్క. ఆన్సీ చుట్టుపక్కల ఊళ్ళు చేసింది కూడా ఒకరకంగా ఇదే.

తిరుగుదారిలో ఇదే చెల్లెలికి చెప్పాను. అది టమాటా బుట్ట ఒళ్ళో పెట్టుకుని విని, "ఎంతిస్తావ్ అక్కా? ఆమె ఎకరం అమ్మితే కోట్లొస్తాయి. నువ్వు నెలకి వందో రెండొందలో కడితే ఆ కోట్ల ముందు అదేం ఆగుతుంది?" అంది. కోకాపేట టవర్లు కనిపించేదాకా ఇద్దరం ఫోన్లో క్యాలిక్యులేటర్లు తీసి లెక్కలు వేస్తూనే ఉన్నాం. అంకెలు కలవలేదు.