తొలివారము

విశ్వవిద్యాలయమున క్రొత్తగా చేరిన విద్యార్థికి తొలిదినములు దేనికొఱకు? పాఠము లింకను మొదలుకాలేదు. పరీక్షలు దూరమున నున్నవి. కావున నవి వ్యర్థములని కొందఱింటనే నిలిచిపోవుదురు. వినోదార్థములని కొందఱు తిరుగుచు గడపుదురు. ఈ రెండు తలంపులును పొరపాటులే యని మా యభిప్రాయము.

మన దేశమున సాంకేతిక కళాశాలలలో నూతన విద్యార్థులకు మూడు వారముల ప్రవేశకార్యక్రమము 2017 నుండి యేర్పడినది. 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ‘దీక్షారంభ్’ అను పేర నిట్టిదానినే తక్కిన కళాశాలలకును సూచించెను. పేరు గంభీరమైనదే. కాని యా దీక్ష దేనికి?

గ్రంథాలయమున పుస్తక మెట్లు తీసికొనవలెనో, ఉపకారవేతనమునకు దరఖాస్తు ఎక్కడ పెట్టవలెనో, వసతిగృహమున కష్టము కలిగిన నెవరితో చెప్పుకొనవలెనో ఆ దినములలో తెలుపుదురు. తల్లిదండ్రులు చదివిన యింటి బిడ్డకు ఇందు సగము ముందే తెలియును. తన యింట మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కిన బిడ్డకో, ఏమియు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గు. ఆ బిడ్డ వెనుకబల్లపై మౌనముగా కూర్చుండును. ఆ మౌనమును తోడివారు మందబుద్ధి యనుకొందురు. ఇంతలో దరఖాస్తు గడువు దాటిపోవును.

అడుగుట చిన్నతనము గాదని యా బిడ్డకు మేము చెప్పుదుము. కాని యంతకంటె గట్టిగా చెప్పవలసినది రెండవవానికి: తెలిసినవాడు ఎదుటివా డడుగువఱకు వేచియుండరాదు. “నా చదువు నేను చూచుకొనిన చాలదా?” యని యతడనవచ్చును. చాలదు. ఊరును, కులమును, భాషను బట్టి తొలివారమున కూడిన గుంపులు చదువు ముగియువఱకు విడిపోవుట యరుదు. అప్పుడు ఒంటరియైనవాడు తరువాతను ఒంటరియే.

పరిచయమను నెపమున క్రొత్తవారిని అవమానించు ర్యాగింగును నిషేధించుచు ఆంధ్రప్రదేశమున 1997లోనే శాసనము చేయబడెను. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమును నియమములు విధించెను. ఇవి యావశ్యకములే. అయినను శాసనము అవమానమును శిక్షింపగలదు గాని ఆదరమును పుట్టింపజాలదు. అది మనుష్యులు తమంతట చేయవలసిన పని.

బిడ్డలను పంపునపుడు “మంచి స్నేహితులను చూచుకొనుము” అని మన మందఱమును చెప్పుదుము. “ఒంటరిగా కూర్చున్నవారి ప్రక్కన కూర్చుండుము” అని యెందఱము చెప్పితిమి? మేమును చెప్పినవారము కాము. ఈ యేడైనను చెప్పుదము.