విద్యాకాయకము - లక్కమ్మ బోధ

ఓం శ్రీగురు బసవలింగాయ నమః

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమందు మారయ్య, లక్కమ్మ అను శరణదంపతులు కలరు. నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చి, వండి, జంగమార్చన చేయుట వారి కాయకము. అందుచేతనే వారికి 'ఆయ్దక్కి' అను పేరు కలిగినది. కన్నడమున 'ఏరిన బియ్యము' అని దాని అర్థము. ఒకనాడు మారయ్య అలవాటునకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయే యగునని చెప్పి, అధికమైన బియ్యమును తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను మరల పంపెను.

పరీక్షల కాలమున ప్రతి గృహమునందును ఈ కథ జ్ఞప్తికి రావలయును. విద్యార్థికి చదువే కాయకము. దానిని శ్రద్ధతో చేయుట బిడ్డ వంతు. మొదటి ర్యాంకు రావలయునని, పొరుగింటి పిల్లవానిని మించవలయునని తల్లిదండ్రులు ఇంటికి తెచ్చు ఆశ మారయ్య తెచ్చిన అధికపు బియ్యము వంటిది. అయితే ఆ మూటను మోయునది తెచ్చినవారు కారు, బిడ్డ.

ఆ బరువెట్టిదో 2019 ఏప్రిల్ మాసము చూపినది. తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడగా మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పిరి. కొలది దినములలో 20 మందికి పైగా ప్రాణములు తీసికొనిరి. పిమ్మట పరిశీలింపగా, తెలుగులో సున్న వచ్చినట్లు చూపబడిన ఒక బాలికకు నిజముగా వచ్చినవి 99 మార్కులని తేలినది. కాగితముపై అంకె తప్పు కావచ్చును. ఒప్పయినను అది వ్రాసిన సమాధానముల వెల మాత్రమే, బిడ్డ వెల కాదు.

దేహమే దేవాలయమని బసవేశ్వరుని బోధ. నిదుర మాన్పించి, పస్తుంచి చేయించు చదువు ఆ ఆలయమును పాడుచేయును. చదివినది నిద్రలోనే మనస్సున స్థిరపడునని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. కావున బిడ్డకు ఎనిమిది గంటల నిదుర, వేళకు అన్నము, ఎండవేళ మజ్జిగ, సాయంకాలము కొంత నడక అమర్చవలయును. ప్రాతఃకాలమున ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని, దృష్టి నిలిపి కొంతసేపు కూర్చున్నచో చెదరిన మనస్సు కుదుటపడును. దానిని మార్కులకై మ్రొక్కుబడిగా మార్పరాదు.

తుముకూరు సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు అన్నము, అక్షరము, ఆశ్రయము ఉచితముగా లభించుచున్నవి. దానిని త్రివిధ దాసోహమందురు. అందు మొదటి మాట అన్నమే. వసతిగృహములు నడుపు మఠములును, తల్లిదండ్రులును ఈ వరుసను మరువరాదు. పరీక్ష వ్రాసి వచ్చిన బిడ్డను గడపలోనే "ఎన్ని తప్పులు పోయినవి?" అని అడుగుట కంటె "అన్నము తిందువు రమ్ము" అనుట మేలు.

మాట తగ్గిన బిడ్డను, అన్నము మానిన బిడ్డను, తాను లేకున్ననే మేలని పలికిన బిడ్డను ఒంటరిగా విడువరాదు. నిందింపక, చెంత కూర్చుండి వినవలయును. వైద్యుని కడకు తోడ్కొని పోవలయును. టెలిమానస్ వారి 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఎప్పుడైనను రుసుము లేక ఫోను చేయవచ్చును. తప్పిన పరీక్షకు ఆ వేసవిలోనే సప్లిమెంటరీ కలదు. పోయిన ప్రాణమునకు అట్టిది లేదు.

మిగిలిన కొలది బియ్యముతోనే లక్కమ్మ ఇంట జంగములు తృప్తి నొందిరని శరణచరిత్ర చెప్పును. అధికాశను గడప వెలుపలనే విడిచిన ఇంట బిడ్డ నిర్భయముగా చదువును, ఫలితమెట్టిదైనను నిర్భయముగా ఇంటికి వచ్చును.

శరణు శరణార్థి.