చౌక ఎవరికి?

2023లో, ఒకే వారంలో ఇద్దరు నా బల్ల ముందు కూర్చుని ఒకే ప్రశ్న అడిగారు: సైప్రస్‌లో బతకడానికి నెలకు ఎంతవుతుంది?

మొదటాయన మా బ్యాంకులోనే పనిచేసి, నాకంటే ముందు రిటైరైన పెద్దాయన. కొడుక్కి లిమసోల్‌లో కంప్యూటరు ఉద్యోగం వచ్చింది. "ఏమోయ్, అక్కడ అద్దెలు మండిపోతున్నాయట. వాడికి నెలాఖరున ఏమైనా మిగులుతుందంటావా?" అన్నాడు. రెండో మనిషి చూలైలో మా వెనకవీధిలో ఇడ్లీలు అమ్ముకునే ఆవిడ. కూతురు నికోసియాలో ఓ ముసలమ్మను చూసుకునే పనికి వెళ్ళబోతోంది. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు కోసం రెండు జతల గాజులు, ఒక గొలుసు పట్టుకుని జ్యుయెల్ లోనుకు వచ్చింది. ఒళ్ళో రెండేళ్ళ మనవడు.

"అక్కడ దానికి తిండికీ, ఇంటికీ ఎంతవుతుంది సార్?"

"తిండీ, బసా ఆ ఇంటివాళ్ళవేనమ్మా."

"అయితే ఖర్చేమీ లేదన్నమాట" అంది, గుండె మీద బరువు దిగినట్టు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా అంకెల మధ్య బతుకుతున్నవాణ్ణి. ఖర్చు లేని బతుకు ఉంటుందా?

మా బ్యాంకు ఉద్యోగులకు కరువు భత్యం ధరల సూచికను బట్టి పెరుగుతుంది. పారిశ్రామిక కార్మికుల కుటుంబం వాడే బియ్యం, పప్పు, నూనె, బట్ట, ఇంటద్దె వగైరాలన్నీ ఒక బుట్టలో వేసి, ఆ బుట్ట ధర ఎంత పెరిగిందో చూస్తారు. సూచిక పెరిగితే మాకు సంతోషం. ఇది మాలో మేము వేసుకునే పాత జోకు. కానీ ఆ బుట్టలో లేనివి చాలా ఉన్నాయి. బిడ్డ మొదటి మాట వినకపోవడానికి ధర లేదు. తల్లి కాటికి వెళ్ళేటప్పుడు దగ్గర లేకపోవడానికి ధర లేదు. ఒక వస్తువు అసలు వెల దాన్ని సంపాదించడానికి పడ్డ శ్రమేనని ఆడం స్మిత్ 1776లోనే అన్నాడు. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా రాసి మరిచిపోయాం.

సైప్రస్ మధ్యధరా సముద్రపు తూర్పు కొసన ఉన్న దీవి. 1960లో బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. 1974లో రెండుగా చీలింది. దక్షిణాన 2008 నుంచి యూరో చలామణి, ఉత్తరాన టర్కీ లీరా. లీరా పడిపోయినప్పుడల్లా దక్షిణాది కార్లు గీత దాటి ఉత్తరాన పెట్రోలు పోయించుకుని వస్తాయి. మనకేమీ వింత కాదు. నెల్లూరు వైపు వెళ్ళే మనవాళ్ళు తడ దాటకముందే, ఆరంబాకం దగ్గరే ట్యాంకు నింపుకుంటారు కదా. చౌక అనేది ఊరికి ఉండే గుణం కాదు. నా డబ్బు ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఖర్చవుతోంది, ఆ రెంటి మధ్య తేడాకే ఆ పేరు. ఇంగ్లండు పింఛను తెచ్చుకుని పాఫోస్‌లో ఎండ కాచుకునే ముసలి దంపతులకు ఆ ఊరు ఒకప్పుడు చౌక. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊరి జీతం మీద బతికేవాడికి ఎప్పుడు చౌక?

ఇంతకీ మా ఇడ్లీ ఆవిడ కూతురు ఈ లెక్కలో ఎక్కడుంది? సైప్రస్‌లో 2023 జనవరి నుంచి జాతీయ కనీస వేతనం వచ్చింది. ఆర్నెల్ల సర్వీసు దాటినవారికి నెలకు 940 యూరోలు, మరుసటేడు వెయ్యి. కానీ ఆ ఉత్తర్వు నుంచి ఇంటిపనివాళ్ళను మినహాయించారు. వాళ్ళ జీతం వేరు, దానికంటే చాలా తక్కువ. వీసా కూడా ఆ యజమాని ఇంటితోనే ముడిపడి ఉంటుంది. పెద్దాయన కొడుకునూ, ఈ అమ్మాయినీ ఒకే విమానం ఒకే దీవిలో దింపవచ్చు. అతను ఎన్నారై, ఈమె పనిమనిషి. ఆ దీవిలో ముసలితనం కొందరికి సుఖంగా, చౌకగా గడుస్తోందంటే, ఆ చౌకలో కొంత భాగం చూలైలో తాకట్టు పడ్డ గొలుసు.

దీనికి జవాబు నాకు తెలుసు. మా పెద్దాయనే అన్నాడు: "ఆ అమ్మాయిని ఎవరూ చెయ్యి పట్టి లాక్కెళ్ళలేదు. ఇక్కడ సంపాదించేదానికి రెండింతలు పంపుతుంది. ఆ తేడాయే లేకపోతే ఆ ఉద్యోగమూ లేదు. వద్దనడానికి నువ్వెవరు?" నిజమే. వద్దనే హక్కు నాకు లేదు, అనలేదు కూడా. లోను కాగితాల మీద సంతకం పెట్టింది నేనే.

అయితే ఇష్టపడి సంతకం పెట్టడంతో న్యాయం ముగిసిపోతుందా? మా వృత్తిలోనే చూడండి. నగ తాకట్టు పెట్టేవారు కూడా ఇష్టపడే సంతకం పెడతారు. అయినా నగ విలువలో ఇంతకు మించి అప్పివ్వకూడదని, ముందుగా నోటీసు ఇవ్వకుండా వేలం వేయకూడదని, వేలంలో మిగిలింది తిరిగి ఇవ్వాలని నిబంధనలున్నాయి. ఎందుకు? అవసరంలో ఉన్న మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు కనుక. బంగారానికి ఇంత రక్షణ ఉన్నప్పుడు, తాకట్టు పడ్డ మనిషి వయసుకు అంతకంటే తక్కువ ఉండవచ్చునా? ఆమెకు జీతం ఇవ్వవలసింది ఆమె వదిలి వచ్చిన ఊరి పేదరికాన్ని చూసి కాదు, ఆమె బతుకుతున్న ఊరి ధరలను చూసి. నా మట్టుకు నాకు తోచిన న్యాయం ఇదే.

ఇలా రాయడం తేలిక. సైప్రస్ దూరంలో ఉంది కాబట్టి మరీ తేలిక. మా ఇంట్లో వంటకు వచ్చే మనిషి ఒకప్పుడు మాకు రెండు వీధుల అవతల, గుడిసెలో ఉండేది. గుడిసెలు తీసేసి పెరుంబాక్కంలో ఇళ్ళిచ్చారు. ఊరికి ఆ చివర. తెల్లారక ముందే లేచి రెండు బస్సులు మారి వస్తుంది. జీతం పెంచమన్నప్పుడు వీధిలో అందరూ ఇచ్చేదే ఇస్తున్నామని చెప్పి, నేను ఒక మాట కలిపాను: "2021 నుంచి ఆడవాళ్ళకు టౌను బస్సులో టికెట్టు లేదు కదా, నీకు ఖర్చేముంది?"

"టికెట్టు లేదు సార్. పొద్దు ఉంది కదా" అంది.

పింఛను పుచ్చుకుని ఎండ కాచుకునే ఆ ముసలి దంపతులను వెతకడానికి నేను సైప్రస్ దాకా పోనక్కర్లేదని ఆ రోజు తెలిసింది. ఆ నెల నుంచి ఆమె జీతం పెంచాం. దానితో లెక్క సరిపోయిందని చెప్పను. రోజూ నాలుగు గంటలు బస్సులో పోతున్న మనిషికి ఎంత ఇస్తే సరిపోతుందో నాకు ఇప్పటికీ తెలియదు. వీధి రేటు అనే మాట మాత్రం మా ఇంట్లో మళ్ళీ అనలేదు.

మా తాత నెల్లూరు జిల్లా నుంచి ఈ పట్నానికి పెరంబూరు మిల్లు పనికి వచ్చాడు. తొమ్మిదేళ్ళు ఒక్కడే ఉండి, ప్రతి నెలా ఇంటికి మనియార్డరు పంపాడు. ఆ డబ్బుతోనే మా నాన్న చదువుకున్నాడు, ఆ చదువు వల్లనే నేను ఈ కుర్చీలో ఉన్నాను. తాత సెలవుకు వచ్చినప్పుడల్లా మా నాన్న ఎవరో కొత్తమనిషి వచ్చాడని వడ్లగాదె వెనక దాక్కునేవాడట. మా ఇంట్లో దీన్ని నవ్వుతూ చెప్పుకునేవారు. నేనూ నవ్వాను, చాలా ఏళ్ళు.

ఇడ్లీ ఆవిడ మొన్న వచ్చి నగలు విడిపించుకుంది. ఏడాది తిరగ్గానే ఒకసారి తిరగరాయించింది, తరవాత వడ్డీతో సహా తీర్చేసింది. అప్రైజరు గాజులు తూచి చేతికిచ్చాడు. బరువు సరిగ్గా సరిపోయింది. ఇంతలో ఆవిడ ఫోను మోగింది. నికోసియా నుంచి, బొమ్మతో సహా. "ఇదిగోరా, అమ్మ" అని పిల్లవాడి ముందు పెట్టింది. వాడు ఫోను వంక ఒకసారి చూసి, అమ్మమ్మ కొంగు వెనక్కి పోయి నిలబడ్డాడు.

"కొత్త సార్ వాడికి, సిగ్గు" అంది ఆవిడ, నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. రసీదు మీద ముద్ర వేసి ఇచ్చాను.