బావరి భయము
దుఃఖ కర్మ ధ్యానములను గూర్చిన యుపన్యాసము



జగిత్యాల సీమకు ఉత్తరపుటెల్లయై గోదావరి పారుచున్నది. ధర్మపురిలో స్నానమాడి వచ్చినవారికిని, శాతవాహన వంశకర్తయగు శ్రీముఖుని నాణెములు దొరకిన కోటిలింగాలను చూచినవారికిని ఆ ప్రవాహము చిరపరిచితమే. అయినను, బౌద్ధుల పాళీగ్రంథములలో మిక్కిలి ప్రాచీనములైన వానిలో నొకటియని పండితులెంచు సుత్తనిపాతమునందు ఈ నదీతీరము ప్రస్తావింపబడియున్నదని మనలో నెందరెరుగుదురు? ఆ గ్రంథముయొక్క కడపటి భాగము, పారాయణవర్గమను పేరు గలది, మన గోదావరి యొడ్డుననే ప్రారంభమగుచున్నది. కోసలదేశమునుండి దక్షిణాపథమునకు వచ్చిన బావరియను వృద్ధబ్రాహ్మణుడు అశ్మకదేశపు పొలిమేర నాశ్రమము కట్టుకొని, రాలిన గింజల నేరుకొనియు పండ్లు తినియు జీవించుచుండెనట. ఆ యాశ్రమము కోరుట్లకు ఉత్తరముగా, నదీమధ్యమునందున్న బాదనకుర్తి లంకలో నుండెనని కొందరు చరిత్రకారుల మతము. స్థలనిర్ణయమున భేదములుండిన నుండనిండు. గోదావరి మాత్రము గోదావరియే.

ఆ బావరి మహాయజ్ఞ మొకటి చేసి, తనకున్నదంతయు దానమిచ్చి, రిక్తహస్తుడై యాశ్రమము చేరెను. చేరినదే తడవుగా కాళ్లు పగిలి, తలనిండ దుమ్ముతో మరియొక బ్రాహ్మణుడు వచ్చి 500 ఇమ్మని యడిగెను. ఇక నేమియు లేదని బావరి యెంత వినయముగా చెప్పినను వినక, యేడవనాటికి నీ తల యేడు వ్రక్కలగునని శపించి పోయెను. బావరి అన్నపానములు మానెను. శోకశల్యము నాటుకొని కృశించెను. గ్రంథకర్త యిచ్చట నొక్క చిన్నమాట చేర్చినాడు: ఆ స్థితిలో బావరి మనస్సు ధ్యానమునందును నిలువలేదట. యావజ్జీవము వేదాధ్యయనము చేసి, సర్వస్వము త్యజించిన వృద్ధుడు ఒక బిచ్చగాని బెదిరింపునకు ధ్యానమును కోలుపోయెను.

అప్పుడొక దేవత వచ్చి, శపించినవాడు ధనాశగల వంచకుడనియు, శిరస్సనగా నేమో, శిరఃపాతమనగా నేమో వానికే తెలియదనియు, తెలిసినవాడు శాక్యపుత్రుడనియు చెప్పెను. బావరి తన శిష్యులను 16 మందిని పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరము, వైశాలి దాటి మగధదేశమున పాషాణకచైత్యమునొద్ద బుద్ధుని కలిసికొనిరి. గురువు పంపిన ప్రశ్న ఆ శాపమును గూర్చినదే. అవిద్యయే శిరస్సనియు, శ్రద్ధ, స్మృతి, సమాధి, ఛందము, వీర్యము తోడైన విద్యయే ఆ శిరస్సును పడగొట్టునదనియు భగవానుడు వారికి బదులు చెప్పెను. బావరి తలకు వచ్చిన యపాయమేమియు లేదు. తాను చేసిన దానమునకును, పొందబోవు కీడునకును ఎవడో యొకడు తన నోటితో లెక్క కట్టగలడని నమ్మిన నమ్మకమే పగులవలసిన తల.

ఈ కథను నేను పురావృత్తాంత వినోదమునకై చెప్పుటలేదు. బావరి భయము ఈ సీమను విడిచి పోలేదు. ఇంటిలో చావు కలిగినపుడు, పంట పోయినపుడు, గల్ఫు దేశమునకు పోయిన కుమారునినుండి జాబు రానపుడు, ఏదో శాంతి చేయింపనిచో మరియొక కీడు మూడునని చెప్పువారు నేటికిని వచ్చుచున్నారు. అప్పు చేసియైన వారు చెప్పినది చెల్లించు కుటుంబములును కలవు. దానికంటె హీనమైనది మరియొకటి కలదు. చదువుకొన్నవారము, శాంతులను నమ్మనివారము, మనము కూడ పరుల దుఃఖమును చూచి, వాని కర్మమని యొక్కమాట పలికి తలుపు వేసికొనుచున్నాము. శపించిన బ్రాహ్మణుడు 500 అడిగెను. మనము ఒక్క కాసైన అడుగకయే అట్టి తీర్పు చెప్పుచున్నాము.

బుద్ధుడు చెప్పిన కర్మ మిది కాదు. దుఃఖము కలదు, దానికి హేతువు తృష్ణ, దానికి నిరోధము కలదు, ఆ నిరోధమునకు అష్టాంగమార్గము కలదు అను నాలుగు సత్యములను మీరు చదివియే యుందురు, వాని విస్తరింపను. కర్మమును గూర్చి మాత్రము నిలిచి యాలోచింపవలసియున్నది. అంగుత్తరనికాయమున నాయన చేతననే, అనగా చేయవలెనను సంకల్పమునే, కర్మమని నిర్వచించినాడు. యజ్ఞకుండమునందు వ్రేల్చిన నేయి కాదు. పుట్టిన కులము కాదు. నొసటి వ్రాత కాదు. నేనిప్పుడు ఏ తలంపుతో ఈ పని చేయుచున్నానో అదియే నా కర్మము. కావున కర్మవిచారము ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనుటకు పుట్టినది. పొరుగువాని చితియొద్ద నిలిచి వాని చరిత్రము తీర్మానించుటకు కాదు.

ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము సంయుత్తనికాయమున కలదు. మోలియసీవకుడను పరివ్రాజకుడు వచ్చి, మనుష్యు డనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వకర్మఫలములే యని కొందరు శ్రమణ బ్రాహ్మణులు చెప్పుచున్నారు, తమ యభిప్రాయమేమని యడిగెను. బుద్ధుడు దాని నంగీకరింపలేదు. పిత్తమువలన కొన్ని బాధలు కలుగును. శ్లేష్మమువలన కొన్ని, వాతమువలన కొన్ని, ఆ మూటి కలయికవలన కొన్ని, ఋతువు మారుటవలన కొన్ని, శరీరమును సరిగా కాపాడుకొనకపోవుటవలన కొన్ని, ఇతరుల దెబ్బలవలన కొన్ని, కర్మవిపాకమువలన కొన్ని. ఎనిమిది హేతువులలో కర్మ మొక్కటి. తక్కిన యేడును లోకము ప్రత్యక్షముగా నెరిగినవే. వానిని త్రోసిపుచ్చి అన్నియు పూర్వకర్మమేయనువారు తామెరిగిన దానిని మీరి పలుకుచున్నారని యాయన తీర్పు. వైద్యుని వలె మాటలాడిన ఈ ధర్మాచార్యుని వాక్యమును మన పంచాంగములప్రక్క నుంచి చదువుకొనవలెను.

ఒక సంగతి దాచుట న్యాయము కాదు. పునర్జన్మమును మన సమాజము విశ్వాససూత్రముగా నిర్బంధింపలేదు. బుద్ధుడో దానిని బోధించెను. జాతకకథలలోను, తరువాతి వ్యాఖ్యలలోను ఇప్పటి కుంటితనమునకు అప్పటి పాపమును హేతువుగా చూపు కథలు పెక్కులు కలవు. అవి కూడ బౌద్ధవాఙ్మయమే. కాని సీవకునికి చెప్పిన ప్రత్యుత్తరము ముందుండగా, పరుని వేదనకు కారణము నాకు తెలియునని ధైర్యముగా పలుకుటకు ఏ బౌద్ధునికిని అధికారము లేదని నా తలంపు. మనకు అసలే లేదు.

సిరిసిల్ల సోదరులు ఒక సాలెవాని కూతురి కథను వినవలెను; ధమ్మపద వ్యాఖ్యానమున నున్నది. ఆలవియను నగరమున బుద్ధుడు మరణస్మృతిని గూర్చి బోధింపగా వినినవారందరు ఇండ్లకు పోయి మరచిరి. ఒక్క సాలెబాలిక మాత్రము మూడేండ్లు ఆ భావనను విడువలేదు. ఆయన మరల వచ్చినాడని విని పోగోరెను. కాని తండ్రి, మగ్గముమీది బట్ట ముగియవలసియున్నది, కండెలు చుట్టి తెమ్మనెను. కండెలు చుట్టుకొని, బుట్ట చేతబట్టుకొనియే సభ యంచున వచ్చి నిలిచెను. ఆమె వచ్చువరకు భగవానుడు మౌనముగా నుండెనట! ఎచటినుండి వచ్చితివని యడుగగా తెలియదనెను. ఎచటికి పోదువన్నను తెలియదనెను. తెలియదా యన్న తెలియుననెను. తెలియునా యన్న తెలియదనెను. సభవారు పిల్లయొక్క యవినయమునకు కోపించిరి. ఏ జన్మనుండి వచ్చితినో, చచ్చి యెచటికి పోవుదునో తెలియదు. చావు తథ్యమని తెలియును. ఎన్నడో తెలియదు అని ఆమె భావము. అటనుండి ఆమె యింటికి పోయెను. తండ్రి మగ్గముమీదనే కూర్చుండి నిద్రపోవుచుండెను. బుట్ట తగిలిన చప్పుడునకు ఉలికిపడి మగ్గము లాగగా దాని కొన ఆమె రొమ్మున తగిలి, ఆమె ప్రాణము విడిచెను.

రాత్రి పనిచేసి మగ్గమునొద్ద తూలు మనుష్యుని ఈ యూర నెవరు చూడలేదు? ఆ తండ్రి యేడ్చుచు బుద్ధునియొద్దకు పోయెను. ఇట్లు బిడ్డలను పోగొట్టుకొని మానవుడు కార్చిన కన్నీరు సముద్రములకంటె నధికమని చెప్పి యాయన యోదార్చెను. నీ కూతురు పూర్వమున ఏమి చేసినదో చూడుమని యాయన ఆ తండ్రికి పాపముల పట్టిక చదువలేదు. ఆతని శోకమును లోకమంతటి శోకముతో కలిపెను, అంతే.

1990వ దశకము తుదినుండి కొన్ని యేండ్లపాటు సిరిసిల్ల మరమగ్గముల కార్మికుల యాత్మహత్యల వార్తలు పత్రికలలో తరచుగ వచ్చుచుండెను. నూలు ధర పెరుగుట, గుడ్డ అమ్ముడుపోకుండుట, విద్యుచ్ఛక్తి ఖర్చు, ఆసాములు సేఠులకు పడిన బాకీలు, వడ్డీలు, కూలి యెదుగకుండుట: ఇవి కారణములు. ఇవి సీవకునికి చెప్పిన జాబితాలో ఏ పేరున వచ్చునో మీరే యోచింపుడు. ఋతువైషమ్యమందురో, ఇతరులు పెట్టిన బాధయందురో. కర్మమని పలికినచో వడ్డీ లెక్క చూచువాడుండడు. ఇచట పని లేక భీవండికిని, సూరతునకును తరలిన పద్మశాలి కుటుంబములును, జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి యెడారి దేశములకు పోయి, తుదకు పెట్టెలలో శంషాబాదు విమానాశ్రయమున దిగిన కూలివారును మన యీ తీర్పుచేతనే రెండవమారు చచ్చుచున్నారు.

బావరి శిష్యులలో పుణ్ణకుడనువాడు బుద్ధుని యడిగిన ప్రశ్న మన సమాజమువారి హృదయమున కెంతయో దగ్గర. ఋషులును రాజులును బ్రాహ్మణులును దేవతలకు యజ్ఞములు చేసిరి గదా, వారు జన్మమును జరను దాటిరా యని యాతడడిగెను. వారు లాభమును కోరియే వ్రేల్చిరి, స్తుతించిరి, దాటలేదని బుద్ధుడనెను. ప్రశ్నించినవాడు యజ్ఞము చేసిన గురువుయొక్క శిష్యుడేయని మరువకుడు.

ఇట ఆస్తికులైన సోదరులు సందేహపడుదురు. ఈశ్వరుని గూర్చి మౌనము వహించిన మహాత్ముని, ఏకేశ్వరోపాసకులమగు మన మెట్లు గురువుగా గ్రహింతుమని. కేశవచంద్రసేనుడు 1880వ సంవత్సరమున తన యనుచరులతో మహాత్ముల మానసిక తీర్థయాత్రలను నడపి, అందు శాక్యమునిని కూడ సేవించెను. సాధు అఘోరనాథుడు ఆయన ప్రేరణమున శాక్యముని చరిత్రమును వంగభాషలో రచించెను.  ఆయన నోట ఈశ్వరవాక్యములను మనము బలవంతముగా పెట్టనక్కరలేదు. ఆయన మౌనమును మౌనముగానే గౌరవించి, మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష యను నాలుగు భావనలకు బౌద్ధగ్రంథములలో బ్రహ్మవిహారములని పేరుండుటను మాత్రము సంతోషముతో గమనింతము.

మన యుపాసనలో ఆరాధనకు పిమ్మట ధ్యానము వచ్చును. నిజము చెప్పవలెనన్న, ఆ సమయము మనలో పెక్కురకు కన్నులు మూసికొని తరువాతి కీర్తనకై వేచియుండు సమయము. ధ్యానమనగా ఏమో పింగియుని చూచి నేర్వవలెను. 16 మందిలో అతడు వృద్ధుడు. కన్నులు కానరావు, చెవులు సరిగా వినరావు, శరీరము వివర్ణమైనది. భ్రమలోనే చచ్చిపోదునేమో, ధర్మము చెప్పుమని వేడుకొనెను. విని, గోదావరికి మరలివచ్చి, గురువునకు సర్వము విన్నవించెను. అంతటి మహాత్ముని విడిచి క్షణమైన నెట్లుంటివని బావరి యడుగగా, తాను విడిచియుండుటలేదనియు, దేహము దుర్బలమై పోజాలకున్నను మనస్సు నిత్యము అచటికే పోవుచున్నదనియు, రాత్రింబవళ్లు ఏమరుపాటు లేక కన్నులతో చూచునట్లు మనస్సుతో చూచుచున్నాననియు, నమస్కరించుచు రాత్రులు గడుపుచున్నాననియు చెప్పెను. శాపభయమున ఎవని ధ్యానము చెదరెనో ఆ బావరి యెదుటనే, చూపు మందగించిన శిష్యుడు ఈ మాట పలికెను.

పింగియునికి తోచినట్లు దూరముననున్నదానిని దగ్గర చేసికొనుట మనమును అభ్యసింపవచ్చును. రాబోవు ఉపాసనదినమున ధ్యానమునకు కూర్చుండినపుడు, ఊపిరిని గమనించి మనస్సు కుదుటపడిన తరువాత, మీ వీధిలో నప్పులపాలైన యొక యింటిని, పేరుతో సహా, తలంపునకు తెచ్చుకొనుడు. ఆ యింటివారి దుఃఖమునకు కారణము వెదుకబోకుడు. వారితోడ కొంతసేపు ఉండుడు. మనస్సు నిలువనిచో లేచి ఆ యింటికి పోయి రండు. అచట బాకీపత్రమును చదివి చెప్పుటకో, ఆసుపత్రికి తోడుపోవుటకో మనుష్యుడు కావలసియుండును. ధ్యానమునకు మరునాడును కూర్చుండవచ్చును.